గిలాబు లేని గోడలు, మూసిన వరండా

"ఇటేపో కిటికీ ఎట్టుంటే బాగుండీదే," అన్నాడు మా ఆయన.

"కట్టినోడివి నువ్వే. అప్పుడు కళ్ళెక్కడెట్టుకున్నావేటి?" అన్నాను.

అంతే. గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను టీ పెట్టి తెచ్చేసరికి మనిషి లేడు. ఇన్నేళ్ళు కాపురం చేసి, పిల్లల్ని కని, పెళ్ళిళ్ళు చేసి, ఆఖరికి మేమిద్దరం మాట్లాడుకున్నది లేని కిటికీ గురించి. కొందరు ఆడవాళ్ళు మొగుడి ఆఖరి మాట చెప్పి కళ్ళు తుడుచుకుంటారు. నేను చెబితే వినేవాళ్ళు నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంటారు. వాళ్ళని చూసి నాకూ నవ్వొస్తుంది. ఏం చెయ్యను, అలాంటి మాట మిగిల్చిపోయాడు.

ఆ కిటికీ లేని గదిలోనే కూర్చుని ఇది చెబుతున్నాను. రాస్తున్నది మా ఆడపడుచు, అంటే ఆయన చెల్లెలు. తగరపువలస నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద నంబరు పోల్చుకోగలను, అంతకుమించి అక్షరం నాకు లొంగలేదు. ఈ రాత ఎందుకంటే, ఈ గది ఉంచాలా పడగొట్టాలా అన్నది పెద్దవాళ్ళు తేల్చబోతున్నారు. గది ఎలా వచ్చిందో, ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో నా నోటితోనే చెప్పి రాయించి ఇమ్మన్నారు. గది పోతే నా మంచం పోతుంది, మంచం పోతే నాకీ ఇంట్లో నాదని చెప్పుకునే జాగా ఉండదు. అందుకే గొంతు బొంగురుపోయినా ఆపకుండా చెబుతున్నాను.

మాది ప్లాంటు వాళ్ళ కోసం కట్టిన టౌన్‌షిప్. మామూలు ఊళ్ళలా దానంతటది పెరిగింది కాదు, ఎవరో పెద్ద ఇంజనీరు కాగితం మీద గీసి, ఆ గీతల ప్రకారం కట్టినది. నేను పుట్టింది వన్ టౌన్ దాటాక సముద్రం ఒడ్డున, సేపల వాళ్ళ పేటలో. అక్కడ ఏ ఇంటి తలుపు ఎటు తెరుచుకుంటుందో ఆ ఇంటి వాళ్ళకే ఖాయంగా తెలీదు. అలాంటిదాన్ని తెచ్చి ఇక్కడ పెట్టారు. ఎటు చూసినా ఒకే ఇల్లు. ఒకే తలుపు, ఒకే మెట్టు, ఒకే వరండా. కాపురానికొచ్చిన కొత్తలో వీధి కొళాయి నుంచి బిందె ఎత్తుకొచ్చి, గాబులో పోసి, మళ్ళీ వెళ్ళి ఇంకో బిందె తెచ్చి పోశాను. లోపల్నించి ఎవరో పెద్దావిడ వచ్చి, "ఇంకో రెండు తెచ్చీయమ్మా, పుణ్యముంటాది," అంది. అది వెనక వరుసలోని ఇల్లు. మా ఇంట్లో గాబు ఎండిపోయే ఉంది.

ఈ ఇళ్ళకి ఇంకో విచిత్రం ఉంది. ముందు గోడలకి గిలాబు లేదు, అంటే పైన సిమెంటు పూత లేదు. ఎర్ర ఇటుక ఇటుకలాగే కనపడుతుంది, పైన సిమెంటు జాలీ, దానికీ రంగు లేదు. వచ్చిన చుట్టమల్లా "ఇల్లింకా పూర్తవలేదేటి?" అని అడిగేవాడు. కాంట్రాక్టరు గిలాబు డబ్బులు మింగేసి పారిపోయాడని మా వరుసంతా నమ్మేది. పక్కింటాయన, ప్లాంటులో క్రేన్ నడిపేవాడు, ఇప్పుడు మా కాలనీ సంఘానికి ప్రెసిడెంటు, ఆ కాంట్రాక్టరు విజయనగరంలో ఆ డబ్బుతో కట్టుకున్న మేడని తన కళ్ళతో చూశానని చెప్పేవాడు. ఆ మేడకి మాత్రం లోపలా బయటా నున్నటి గిలాబు ఉందట.

ఇక ఈ గది సంగతి. మొదట్లో ఇది వరండా. మూడు పక్కలా తెరిచే ఉండేది. మాకప్పటికి ఇద్దరు పిల్లలు, రెండు గదులు. ఆ సమయంలో మా మామగారు ఈ ఆడపడుచుని తెచ్చి, "ఇక్కడి బళ్ళో పదో తరగతి సదివించు నాయినా, పల్లెలో అయితే గేదెలెనకాలే తిరుగుతంది," అని వదిలి వెళ్ళిపోయాడు. ఆమె ఒక ఏడాదిలో చదువు ముగించి వెళ్ళిపోతుందని అనుకున్నాం. మొదటిసారి పోయింది. లెక్కల్లో.

"అది రాయాలా?" అంటోంది ఇప్పుడు.

"రాయి. రెండో ఏడు లేకపోతే ఈ గోడెందుకొచ్చిందో వాళ్ళకెలా తెలుస్తాది?"

నిజం అదే. మొదటి ఏడు ఆమె లోపల పిల్లల మధ్య చదివింది. మా వాడు ఆమె పుస్తకంలో పేజీలు చింపి పడవలు చేసేవాడు. ఫలితాలొచ్చాక మా ఆయన ఒక ఆదివారం పొద్దున్నే ఇటుకల బండి తెచ్చి వరండా ముందు దింపించాడు. పక్కింటి క్రేనాయన ఒకడు, మా ఆయన పనిచేసే గ్యాంగులో తాపీ పని వచ్చినవాడు ఇంకొకడు, ముగ్గురూ మొదలెట్టారు. మధ్యాహ్నం నేను నెత్తళ్ళ చేపల పులుసు వండాను. వాళ్ళు కల్లు తెప్పించుకున్నారు. పొద్దున కట్టిన గోడ తిన్నగా ఉంటుంది, మధ్యాహ్నం కట్టిన గోడ కొంచెం సముద్రం వైపు వాలి ఉంటుంది. ఇప్పటికీ చూసి చెప్పొచ్చు ఎక్కడ భోజనానికి లేచారో.

చీకటి పడేసరికి గోడ పైకప్పుని అంటింది. అప్పుడు చూసుకుంటే కిటికీ లేదు. తలుపుకి మాత్రం సందు వదిలారు, అదీ ఒక మనిషి పక్కకి తిరిగి వెళ్ళేంత. అప్పటికి లోపల ఇనప మంచం ఉండిపోయింది. ఆటోనగర్‌లో తెలిసిన వెల్డింగు షాపులో మా ఆయన చేయించిన మంచం అది. విప్పడానికి ఒక బోల్టు కూడా లేదు, అంతా అతుకే. వర్షానికి తడవకుండా వరండాలో ఓ మూలకి జరిపి, దాని చుట్టూ గోడ కట్టేశారు. క్రేనాయన మంచాన్ని నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా తిప్పి చూశాడు. ప్లాంటులో ఎంతో పెద్ద బరువులెత్తినవాడు.

"ఇది బయటికి రాదు బావా," అన్నాడు ఆఖరికి.

"రాకపోతే మానె. సెల్లి గుంట దీని మీదే సదూకుంటాది," అన్నాడు మా ఆయన.

ఆ రెండో ఏడు ఈ గదిలో, ఈ మంచం మీద, చెమటలు కక్కుతూ చదివి ఆమె పాసయింది. ఆమె పెళ్ళై వెళ్ళాక మా అత్త వచ్చి పడుకుంది. తర్వాత మా అమ్మాయి చదువుకుంది. తర్వాత మా వాడికి పెళ్ళైంది, లోపలి గదులు వాళ్ళకిచ్చి మేమిద్దరం ఇందులోకి మారాం. ఇప్పుడు నేనొక్కదాన్నే ఉంటున్నాను. మంచం కింద నా ఎండు చేపల డబ్బా ఉంటుంది. మా కోడలు మంచిదే, కానీ ఆ డబ్బా లోపలికి వస్తే ఆమె ముక్కు దానంతటదే పైకి లేస్తుంది.

ఇలా ఉండగా ఒక రోజు ప్రెసిడెంటు పరుగెత్తుకుంటూ వచ్చాడు. నన్ను అక్క వరసన అప్పా అని పిలుస్తాడు.

"అప్పా, మన ఊరు కోటల్లో సేరిపోనాది."

"కోటేటి? ఎవరి మీదికి యుద్ధానికెల్తన్నాం?"

"కాదప్పా. వారసత్వమంట. పాత గుళ్ళనీ కోటల్నీ గవర్మెంటోళ్ళు కాపాడుతారు సూడు, అలాగ ఇప్పుడు మన టౌన్‌షిప్పుని చట్టంలో ఎడతారంట. గీత గీసి కట్టిన ఊళ్ళు మిగల్లేదంట. ఇత్తడి బోర్డు కూడా ఎడతారు."

"ఈ ఇళ్ళు నాకన్నా సిన్నవి కదరా. నాకన్నా సిన్నది కోటెప్పుడైపోనాది? అలాగైతే ముందు నా మెళ్ళో ఎట్టమను బోర్డు."

అతను నా మాట వినే స్థితిలో లేడు. ఆ ఇత్తడి బోర్డు తన గోడకే పెడతారని అప్పటికే తీర్మానించుకున్నాడు, ఎందుకంటే వరుసలో మొదటి ఇల్లు వాళ్ళది.

తర్వాతి వారం ఆ వారసత్వం సంగతి చూసే కమిటీ తరఫున ఇద్దరు కుర్రాళ్ళు పాత ప్లాను పట్టుకుని వచ్చారు. గోడలు కొలిచారు. ప్లానులో లేనివి ఎక్కడ కనపడితే అక్కడ సుద్దతో ఇంటూ గుర్తు పెట్టారు. మా వరండా గోడ మీద మరీ పెద్దది పెట్టారు. ఇదేమిటని అడిగితే, చట్టం వస్తే ఊరు మొదట గీసినట్టే ఉండాలి, మూసిన వరండాలు తెరవాలి అని చెప్పారు. మేకు కొట్టాలన్నా అడగాలి అన్నారు.

ఆ సాయంత్రం మా అబ్బాయి నా దగ్గర కూర్చున్నాడు.

"హాల్లో పడుకోమ్మా. ఏటైపోతాది?"

"హాల్లో టీవీ ఉంది కదరా."

"టీవీ పదింటికి ఆపీమంటాను."

"మరి మంచం?"

గోడ పడితే మంచం బయటికొస్తుంది, కానీ వచ్చాక పెట్టడానికి చోటు లేదు. పాత ఇనపకొట్టుకే. తగరపువలసకి ఫోను చేస్తే ఆడపడుచు, "నా కాడికి వొచ్చీ వొదినా, రాజాలాగుంటావు," అంది. వాళ్ళాయన గురక వీధి చివరికి వినపడుతుంది. అయినా అది కాదు. హాల్లో పడుకునే మనిషి ఇంట్లో అందరూ పడుకున్నాక పడుకోవాలి, అందరికంటే ముందు లేచి పక్క చుట్టేయాలి. చుట్టం బతుకది. నా ఇంట్లో నేను చుట్టాన్నయిపోతానని ఆ సుద్ద గుర్తు చూసినప్పుడల్లా అనిపించేది.

ఇక్కడ మా ఊరి అలవాటొకటి చెప్పాలి. పెద్దమనిషి ఎవరు వస్తున్నా టౌన్‌షిప్పులో మొదట చేసే పని సున్నం కొట్టడం. చెట్ల మొదళ్ళకి సున్నం, దాని మీద ఎర్రమన్ను పట్టీ, రోడ్డు పక్క రాళ్ళకి ఒకటి తెలుపు ఒకటి ఎరుపు. మా ఆయన చేసింది ఆ ఉద్యోగమే, సివిల్ మెయింటెనెన్సులో రంగుల గ్యాంగు. ఒకసారి ఎవరో పెద్ద సారు వస్తుంటే, తొందరలో రోడ్డు పక్క పడుకున్న గేదె కొమ్ములకి కూడా రంగు తగిలించి వచ్చారు. ఆ సారు గేదెని చూసి చాలా బావుందన్నాడట. అందుకని మా వాళ్ళకి గట్టి నమ్మకం, రంగు వేస్తే వచ్చినవాడు మెత్తబడతాడని.

కమిటీ పెద్ద మేడమ్ స్వయంగా వస్తోందని తెలియగానే ప్రెసిడెంటు మీటింగు పెట్టాడు.

"ఇన్నాళ్ళూ ఆ కాంట్రాక్టరు ఎదవ వల్ల మన గోడలు బోసిగా ఉండిపోనాయి," అన్నాడు. "ఇప్పుడు గిలాబుకి టైము లేదు. రంగైనా ఏసీసి పూర్తి సేసీద్దాం. ఇల్లు ముచ్చటగుంటే ఆవిడ వరండాల జోలికి రాదు."

అందరికీ నచ్చింది. నాకు మరీ నచ్చింది. రంగు ఎక్కడిదన్నారు. మా తమ్ముడిని పిలుస్తానని నేనే అన్నాను. అప్పుడు సముద్రంలో చేపల వేట బందు రోజులు. పడవలన్నీ ఒడ్డుకి లాగి రంగులు వేసుకునే కాలం. తమ్ముడి దగ్గర మిగిలిన డబ్బాలుంటాయి, చేతులూ ఖాళీగా ఉంటాయి.

తమ్ముడు నలుగురిని వెంటేసుకుని ఆటోలో వచ్చాడు. నీలం డబ్బాలు, పసుపు డబ్బాలు దింపాడు. గోడల్ని ఒకసారి అరచేత్తో రాసి చూశాడు, పడవని చూసినట్టే.

"ఉప్పుగాలికి ఇటుక తినీసినాది అప్పా. దీనికి మూడు కోటింగులెయ్యాల."

వేశారు. వరుసంతా నీలం. కింద జానెడు పసుపు పట్టీ. జాలీలకి ఒక్కో కంతకీ లోపల పసుపు. అది అయ్యాక తమ్ముడు వరుస చివరి ఇంటి మూల దగ్గర నిలబడి, "నంబరెక్కడెయ్యాల?" అని అడిగాడు. పడవకి నంబరు లేకపోతే వాడికి పని అయినట్టు ఉండదు. వరుస నంబరు మూరెడు అంకెలతో వేశాడు. మెయిన్ రోడ్డు మీద బస్సులో వెళ్ళేవాళ్ళకి కూడా కనపడింది. కొత్త రంగు వేసిన పడవకి చేసినట్టే ఆ మూలకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు.

"ఇంక నీళ్ళల్లోకి తోసీడమే," అన్నాడు ప్రెసిడెంటు చాలా తృప్తిగా.

మేడమ్ వచ్చింది. నా కూతురి వయసుంటుంది, నూలు చీర, భుజానికి గుడ్డ సంచి. కారు దిగి మా వరుసని చూసి అక్కడే ఆగిపోయింది. ప్రెసిడెంటు శాలువా పట్టుకుని ఎదురెళ్ళాడు.

"ఇదేమిటండీ?" అంది ఆమె.

"పెయింటండి. మీ కోసమేనండి."

"ఏ పెయింటు?"

"పడవ పెయింటండి. ఉప్పునీళ్ళల్లో నానినా పదేళ్ళు కదల్దండి."

"పదేళ్ళా," అని ఆమె రోడ్డు పక్క రాయి మీద కూర్చుంది. ఆ రాయికి కూడా ఆ ఉదయమే సున్నం కొట్టారు. ఎవరూ చెప్పే ధైర్యం చెయ్యలేదు.

మంచినీళ్ళు తాగాక ఆమె చెప్పింది. ఈ ఊరిని చట్టంలో పెట్టాలనుకున్నదే ఆ ఇటుక గోడల వల్లనట. గిలాబు మర్చిపోయింది కాదట, కావాలనే వదిలేశారట. ఇటుక ఇటుకలా కనపడాలని, జాలీలోంచి సముద్రపు గాలి లోపలికి రావాలని, ఆ ఇంజనీరు ఎంతో ఆలోచించి గీశాడట.

ప్రెసిడెంటు మొహం చూడాలి. "అయితే కాంట్రాక్టరు డబ్బులు తిన్లేదా అండి?" అన్నాడు. ఇన్నేళ్ళు తిట్టిన తిట్లన్నీ ఎక్కడ పెట్టుకోవాలో తెలీని మనిషిలా ఉన్నాడు. విజయనగరం మేడ గురించి ఎవరూ అడగలేదు.

ఆమెతో వచ్చిన కుర్రాడు చాకుతో గీకి చూశాడు. చాకు వంగింది. మా తమ్ముడు పక్కనే నిలబడి, "సెప్పాను కదండి, కదల్దని," అన్నాడు.

తర్వాత మేడమ్ ఒక్కో ఇల్లే చూసుకుంటూ మా ఇంటికి వచ్చింది. నేను పక్కకి తిరిగి లోపలికి వెళ్ళాను, ఆమె కూడా పక్కకి తిరిగి వచ్చింది. మంచం మీద కూర్చోబెట్టాను. కాసేపటికే ఆమె చీరకొంగుతో విసురుకోవడం మొదలెట్టింది. చుట్టూ చూసింది. తలుపుని చూసింది, మంచాన్ని చూసింది, మళ్ళీ తలుపుని చూసింది.

"ఈ మంచం బయటికెలా వస్తుందమ్మా?"

"రాదమ్మా."

"మరి లోపలికెలా వచ్చింది?"

"లోపలికి రాలేదు. ఇది ఇక్కడే ఉండీది. గోడే ఎనకాతల వొచ్చినాది."

అప్పుడు నవ్విందామె, పొద్దున్నుంచి మొదటిసారి. సంచి పక్కన పెట్టి కాళ్ళు పైకి లాక్కుని కూర్చుంది. గోడ ఎక్కడ వాలిందో చూపించాను. కల్లు సంగతి చెప్పాను. పదో తరగతి సంగతి చెప్పాను. ఎక్కడ పడుకోమంటావని సూటిగానే అడిగాను.

"ఇలాంటివి తీసెయ్యమని రాసింది మేమే," అంది నెమ్మదిగా. "కానీ ఉంటున్నవాళ్ళు తమ అవసరానికి కట్టుకున్న వాటిలో కొన్ని ఊరి చరిత్రలో భాగమేనని కమిటీ ఒప్పుకుంటే ఉంచొచ్చు. మాట ఇవ్వలేను. ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో మీ మాటల్లోనే రాయించి ఇవ్వండి. నేను తీసుకెళ్ళి వాళ్ళ ముందు పెడతాను."

"రంగో?"

"రంగు మాత్రం పోవాలమ్మా."

రంగు ఇంకా పోలేదు. ఏవేవో మందులు తెచ్చి రుద్దుతున్నారు. వీధంతా ఘాటు. నీలం కాస్తా పాలిపోయి మొదటికంటే అందంగా తయారైందని ప్రెసిడెంటు రహస్యంగా అంటున్నాడు. బోర్డు వెనక వరుసకి వెళ్ళిపోతుందేమోనని అతనికి నిద్ర లేదు. వెనక వరుసలో రెండు వరండాలు అప్పుడే తెరిచేశారు. నిజం చెప్పాలంటే గాలి బాగానే వస్తోంది. సాయంత్రం పూట వెళ్ళి కూర్చుంటున్నాను. కూర్చోవడానికి బాగుంటుంది. పడుకోవడానికి నాకు గోడ కావాలి.

కమిటీలో ఉన్న పెద్దలకి నేను చెప్పుకునేది ఇంతే. ఈ గోడ అందమైంది కాదు. వంకర. గాలిని ఆపేస్తుంది, ఆ ఇంజనీరు బాబు చూస్తే బాధపడతాడు. మీరు ఊరంతా ఆయన గీసినట్టే ఉంచుకోండి, నాకేం అడ్డు లేదు. ఈ ఒక్క గోడ మటుకు ఉండనివ్వండి. దీని వెనక ఇద్దరమ్మాయిలు చదువుకున్నారు, ఒక ముసలామె పోయింది, ఒక ముసలాయన పోయాడు, ఇంకొక ముసలిది ఇంకా పోలేదు. ఆమెకి పడుకోవడానికి చోటు కావాలి.

"రంగు సంగతి తీసీదునా వొదినా?" అంటోంది ఆడపడుచు. "మనమే పాడుసేసినామని మనమే రాసిచ్చినట్టుంటాది."

"ఉంచు. ఆవిడ సీరకి సున్నం అంటుకుని మరీ ఎల్లింది, మర్సిపోద్దేటి? నువ్వు పదో తరగతి పోనావని రాసినావా?"

"రాసినాను."

"నిజంగా?"

"రాసినానంటే."

"అయితే మొదట్నుంచి సదువు. నిదానంగా సదువు. నాను సెప్పింది ఉందో, నీకు నచ్చింది ఎట్టీసినావో ఇనాల. ఇన్నాకే సంతకం ఎడతాను."